జూన్ నెల అయివారు

ఎర్రగుంట్ల బస్టాండు దగ్గర నాపరాళ్ల లారీ ఆపి, మా ఊరి మద్దిలేటి కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"మేయ్, నీకు తెల్సునా? మన అయివారు పోయినాడంట. కోయిలకుంట్ల దావలో ఎవురో చెప్పిరి."

ఏ అయివారని నేను అడగలేదు. మా ఊరి బడిలోనే ముగ్గురు అయివార్లు ఉండేవాళ్లు. ట్రైనింగులో ఇంకా కొందరు చదువు చెప్పారు. ఇప్పుడు నేనూ ఈ ఎర్రగుంట్లలో పిల్లలకు అయివారమ్మనే. అయినా మద్దిలేటి నోట 'మన అయివారు' అని వచ్చిందంటే ఒక్కరే, మా హెడ్మాస్టరు. మద్దిలేటి యుద్ధంలో ఓడిపోయిన ఒక సుల్తాను పుట్టినరోజున పుట్టాడు. నేను గ్రామఫోను ప్లేట్ల మీద పాడిన ఒక గాయని పుట్టినరోజున పుట్టాను. మా ఇద్దర్నీ కన్నది మా అమ్మలే గానీ, ఆ తేదీల్లో పుట్టించింది మాత్రం ఆయనే.

అంత భయస్తుణ్ణి నేను మళ్లీ చూడలేదు. కోడుమూరు చుట్టుపక్కల మా ఊళ్లలో గొడుగు విప్పాల్సినంత వాన ఏడాదికి మూడుసార్లు పడితే మహాభాగ్యం. ఆయన మాత్రం ఎండాకాలం, చలికాలం అని లేకుండా చంకలో గొడుగు పెట్టుకునే వచ్చేవాడు. అడిగితే "ఎందుకైనా మంచిది" అనేవాడు. రాళ్లు పగిలే ఎండలో నల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని పాఠం చెప్పేవాడు. ఇన్‌స్పెక్టరు దొర చెప్పాపెట్టకుండా వస్తే కోటు లేకుండా కనపడకూడదట. బడికి తాళం వేసి మూడుసార్లు లాగి చూసేవాడు. రచ్చకట్ట దాకా పోయి, ఉన్నట్టుండి నిలబడి, మళ్లీ వెనక్కి వచ్చి నాలుగోసారి లాగేవాడు. మధ్యాహ్నం గంట కొట్టాక మమ్మల్ని వరుసలో నిలబెట్టి లెక్కపెట్టేవాడు. సరిపోతే అనుమానమొచ్చి మళ్లీ లెక్కపెట్టేవాడు.

ఇన్‌స్పెక్టరుగారు సైకిలు మీద వచ్చేవారు. అందుకని సైకిలు గంట వినపడితే చాలు, అయివారి చేతిలో సుద్దముక్క కింద పడేది. మేము ఊరుకుంటామా? పెద్ద తరగతి వాళ్లు ఒక పాత సైకిలు గంట సంపాదించి గోడ వెనక నిలబడి ట్రింగుమనిపించేవాళ్లు. సుద్ద పడేది, మేము నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన భయాలన్నిటిలోకీ పెద్దది అడ్మిషన్ రిజిస్టరు. జూన్ నెలలో బడి తెరవగానే పిల్లల్ని చేర్చడానికి జనం వచ్చేవాళ్లు. పుట్టిన తేదీ అన్న గడి ఒకటి ఆ రిజిస్టరులో ఉంది. మా ఊళ్లో తేదీ తెలిసి పుట్టిన బిడ్డ ఎవరున్నారు? కరువు యేడు పుట్టిందనో, ఎద్దు చచ్చిన వారానికి పుట్టిందనో చెప్పేవాళ్లు. మునసబు దగ్గరుండే పుట్టుకల పుస్తకంలో రాయించినవాళ్లు పదిమందిలో ఒకరు కూడా ఉండరు, ఆడపిల్లలయితే అదీ లేదు. అందుకని చుట్టుపక్కల బళ్లలో అయివార్లందరూ ఒక పని చేసేవాళ్లు. పిల్లను చేర్చిన దినమే పుట్టిన దినమని వేసి, ఐదేళ్లో ఆరేళ్లో వెనక్కి లెక్కగట్టి రాసేవాళ్లు. ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

మా అయివారికి అది నిద్రపట్టనిచ్చేది కాదు. సర్కారు పుస్తకంలో, సిరాతో, అబద్ధం. దానికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు.

"ఎట్లాగూ అబద్ధమే రాస్తాండాం. ఆ తేదీన ఎవురో ఒకరు నిజంగా పుట్టినట్టన్నా ఉండాల గదమ్మా," అని నాకే ఒకసారి చెప్పాడు. అంటే తేదీ నిజమే, మనిషే వేరు. సగం అబద్ధమే రాసినట్టు లెక్క.

దానికోసం నీలి అట్ట నోటుపుస్తకం ఒకటి పెట్టాడు. కోమటి అంగట్లో బెల్లం కట్టిచ్చిన కాగితాలు, మద్రాసులో ఉండే బావమరిది పంపే పాత వారపత్రికలు, గోడ క్యాలెండర్ల వెనక అచ్చయిన ముక్కలు, అన్నీ వెతికి ఎవరు ఏ రోజు పుట్టారో రాసుకునేవాడు. అందులో వయొలిన్ విద్వాంసులున్నారు, కోటలు కట్టిన రాజులున్నారు, యంత్రాలు కనిపెట్టిన దొరలున్నారు, సినిమాలో దేవుడి వేషం కట్టే నటుడున్నాడు. కానీ అందరూ జూన్ నెల నడిమధ్యలోనే పుట్టినవాళ్లు. చేర్పులు జరిగేది ఆ పదిహేను రోజులే కాబట్టి తక్కిన నెలలతో ఆయనకు పనిలేదు. పత్రికలో ఎవరో మహానుభావుడు డిసెంబరులో పుట్టాడని చదివితే, "అయ్యో పాపం, పనికిరాడు" అని పేజీ తిప్పేసేవాడు.

పిల్లను తీసుకొచ్చినవాళ్లకు ఆ రోజు ఎవరు పుట్టారో చెప్పి గానీ రిజిస్టరులో రాసేవాడు కాదు. మద్దిలేటి వాళ్ల నాయనతో ఈ విషయం మీద పెద్ద పంచాయితీ జరిగింది. ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఏమప్పా అయివారూ, మావానికి ఓడిపోయినోని దినమా? గెల్చినోనిది ఏదన్నా ఉంటే సూడు."

అయివారు నోటుపుస్తకం తిరగేసి, "గెల్చినాయన ఎల్లుండి పుట్టినాడప్పా. ఎల్లుండి పిల్చుకొనిరా," అన్నాడు.

"ఎల్లుండి విత్తనం ఎయ్యల్ల. యాడ కుదురుతాది?"

"ఓడినా శానా ధైర్యంగా కొట్లాడినాడప్పా ఈయన. గుర్రం మీంచి దిగలేదంట."

"సరే, ఓడినోడే కానీలే," అని మద్దిలేటి వాళ్ల నాయన వేలిముద్ర వేసి చేనుకు పోయాడు.

నన్ను మా అమ్మ తీసుకుపోయింది. అది పంతొమ్మిదో తేదీ. నాకు ఏడేళ్లు. ఆడపిల్లను అంత ఆలస్యంగానైనా బడికి పంపడమే గొప్ప మా ఇంట్లో.

"ఎప్పుడు పుట్టిందమ్మా?" అని అడిగాడు అయివారు.

"జొన్న కోతలప్పుడు సామీ. ఏడేండ్లు దాటినాయి."

"కోతలు నెల దినాలుంటాయి గదమ్మా. ఏ దినం?"

"ఆ పొద్దు నేను నొప్పులు సూసుకుందునా, దినం సూసుకుందునా?" అంది మా అమ్మ.

ఆయన నొచ్చుకోలేదు. నోటుపుస్తకం తీసి పంతొమ్మిదో తేదీ పేజీ చూశాడు. తెల్లగా ఉంది. తర్వాతి పేజీ చూశాడు. మొహం ముడుచుకున్నాడు.

"ఈ దినం ఎవురూ లేరమ్మా. రేపు ఒకడుండాడు గానీ, వాడు మంచోడు కాదు, హత్య చేసి ఉరికెక్కినాడు. ఆడపిల్లకు ఎందుకు ఆ పీడ? ఎల్లుండి రా. శానా గొప్ప ఆయమ్మ ఉండాది."

మా అమ్మ దారి పొడుగునా ఆయన్ను తిడుతూనే వచ్చింది. రెండు పూటల కూలి పోయిందని ఆమె బాధ. అయినా ఇరవై ఒకటిన మళ్లీ తీసుకుపోయింది. ఆయన కలం మూడుసార్లు తుడిచి, నా పుట్టినరోజు రాసి, ఊది ఆరబెట్టి, నన్ను దగ్గరికి పిలిచి ఆ గాయని కథ చెప్పాడు. ఆమె మొదటిసారి ప్లేటుకు పాడడానికి వెళ్లినప్పుడు పాట పట్టే యంత్రాన్ని చూసి వణికిపోయిందట. ఎంతకీ గొంతు పెగలలేదట. చివరికి అందర్నీ బయటికి పంపించి, గోడవైపు తిరిగి పాడిందట. "భయపడతానే పాడింది సూడు," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోవడం నాకు గుర్తుంది.

ఆ కథ వల్ల నాకు ఒరిగింది మాత్రం తలనొప్పి. నాకు పాట రాదు. నోరు తెరిస్తే మా గేదె కూడా తల తిప్పి చూస్తుంది. అయినా ఏ పెళ్లిలోనో, సీమంతంలోనో ఆడవాళ్లు కూర్చుంటే "గాయని దినాన పుట్టినావు గదే, పాడు" అని నన్ను ముందుకు తోసేవాళ్లు. రాదంటే, పిల్లకు పొగరంటారు. పాడితే నవ్వుతారు. అయివారి మీద నాకు ఆ రోజుల్లో ఒళ్లు మండేది.

ఎనిమిదో తరగతి గవర్నమెంటు పరీక్ష నేను పాసయ్యాను. మా ఊళ్లో ఆడపిల్లల్లో నేనే మొదలు. కడపలో ఆడవాళ్ల ట్రైనింగు బడికి దరఖాస్తు పెట్టమని అయివారే మా నాయనకు నచ్చజెప్పాడు. నాయన వారం రోజులు దాటవేశాడు. ఆఖరికి, "ఈ యేడు సీటు వస్తే పంపిస్తా. రాలేదా, మళ్లా నా దగ్గర ఆ మాట ఎత్తొద్దు. చేన్లోకి రావల్ల, అంతే," అన్నాడు. నాయన ఒక మాట అన్నాడంటే దానికి తిరుగు లేదు. నా బతుకు ఆ ఒక్క దరఖాస్తు మీద నిలబడింది.

జూన్ మొదట్లో దరఖాస్తు వెనక్కి వచ్చింది. మీద ఎర్ర పెన్సిలుతో గీత గీసి ఉంది. ట్రైనింగు తెరిచేది పంతొమ్మిదో తేదీ. ఆ రోజుకు పదిహేనేళ్లు నిండాలి. రిజిస్టరు ప్రకారం నాకు ఇరవై ఒకటికి గానీ నిండవు. రెండు రోజులు తక్కువ.

ఆ కాగితం పట్టుకుని బడికి పరుగెత్తాను. అయివారు చదివాడు. మళ్లీ చదివాడు. కుండ దగ్గరికి పోయి నీళ్లు తాగాడు, సగం కోటు మీదనే పోసుకున్నాడు. వచ్చి కుర్చీలో కూర్చుని, "ఆ రెండు దినాలు నేనే తిన్నానమ్మా," అన్నాడు.

సాయంత్రానికి మా నాయన, ఊరి రెడ్డి ఇద్దరూ బడికి వచ్చారు. రెడ్డి ఇట్లాంటివి చాలా చూసినవాడు. గోడకు ఆనుకుని తాపీగా చెప్పాడు.

"దీనికింత దిగులెందుకప్పా? బ్లేడు తీసుకో. ఇరవై ఒకటి గీకెయ్. పంతొమ్మిది అని రాయి. ఎవురు సూడొచ్చినారు?"

అయివారు నిజంగానే బ్లేడు తీశాడు. రిజిస్టరు తెరిచాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. గీకెయ్యి సామీ, గీకెయ్యి అని లోపల్లోపల మొక్కుకున్నాను, దాచుకోవడం దేనికి. బ్లేడు కాగితానికి ఆనకముందే ఆయన చెయ్యి ఎట్లా వణికిందంటే, రెడ్డే భయపడి "నిలుపు, నిలుపు, వేలు తెగుతాది," అని బ్లేడు లాక్కున్నాడు.

"నాతో కాదప్పా," అన్నాడు అయివారు.

"పిరికోడివి," అన్నాడు రెడ్డి. నాయన లేచి నడిచాడు. నేను ఆయన వెనక ఏడుస్తూ ఇంటికి వచ్చాను. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. సైకిలు గంటకు సుద్ద పారేసుకునే మనిషి చేతిలో నా బతుకు పడిందే అని ఆయన్ను ఎన్ని శాపనార్థాలు పెట్టానో.

మూడో రోజు తెల్లారేసరికి అయివారు మా వాకిట్లో ఉన్నాడు. కోటు, గొడుగు. చంకలో తువ్వాల చుట్టిన రిజిస్టరు, దాని మీద నీలి నోటుపుస్తకం.

"కర్నూలు పోదాం పాండి," అన్నాడు.

"ఆడ ఎవురన్నా తెల్సినోళ్లుండారా?" అని అడిగాడు నాయన.

"లేరప్పా."

"మరి ఏం చెప్తావు?"

"జరిగింది చెప్తా."

నాయన ఆయన్ను ఎగాదిగా చూశాడు. "ఉద్యోగం పోతాదేమో అయివారూ."

"పోతాదేమోననే మూడు దినాలు పట్టింది," అన్నాడు ఆయన.

బస్సులో తలుపు పక్కనే కూర్చున్నాడు. కోటు చెమటతో తడిసి నల్లగా ఒంటికి అంటుకుంది. మధ్యలో ఇంజనుకు నీళ్లు పొయ్యడానికి బస్సు ఆపితే, దిగి వేపచెట్ల వైపు పోయి మళ్లీ రాలేదు. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. పారిపోయాడనుకున్నాను. నాయన పోయి చూస్తే, చెట్టు మానుకు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, "సార్, నేను చేసినది తప్పే సార్" అని వల్లె వేసుకుంటున్నాడట. నాయనే చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు.

అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని. ఊరినిండా ఆఫీసులు, గుడారాలు, ఫైళ్లు మోసేవాళ్లు. మేము వెతుక్కుంటూ పోయిన విద్యాశాఖ అధికారి కూడా గుడారంలోనే కూర్చున్నాడు. లోపల ఎండ పసుపుపచ్చగా ఉంది, కాగితాలు ఎగిరిపోకుండా ఒక్కో కట్ట మీద ఒక్కో రాయి. అయివారు దండం పెట్టి, రిజిస్టరు బల్ల మీద పెట్టాడు.

"సార్, ఇందులో పదకొండేండ్ల పుట్టినరోజులు నేను పుట్టించినవే సార్."

పక్క బల్ల గుమాస్తా కిసుక్కున నవ్వాడు. అధికారి నవ్వలేదు. పేజీలు తిప్పాడు. తిప్పేకొద్దీ కనుబొమలు పైకి పోయాయి.

"ఏమిటండీ ఇది? మీ ఊళ్లో జూన్‌లో తప్ప పిల్లలు పుట్టరా?"

"పుడతారు సార్. రాసేది జూన్‌లో సార్."

అప్పుడు ఆయన అంతా చెప్పాడు. నోటుపుస్తకం చూపించాడు. తెల్లగా ఉన్న పంతొమ్మిదో తేదీ పేజీ చూపించాడు, ఉరికెక్కినవాడి పేజీ చూపించాడు. మాట మాటకీ గొంతు తడబడుతోంది. గుమాస్తాలు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. అధికారి కుర్చీలో వెనక్కి వాలి, "ఇరవై ఒకటిన ఎవరుట?" అని అడిగాడు. వెక్కిరింపుగానే అడిగాడు.

అయివారు గాయని కథ మొదలుపెట్టాడు. చిత్రం, గొంతులో వణుకు పోయింది. ఆమె యంత్రాన్ని చూసి బెదిరిపోవడం, గోడవైపు తిరగడం, గది అంతా ఆ పాటతో నిండడం, అంతా మా బడిలో నిలబడి చెప్పినట్టే చెప్పాడు. గుమాస్తాల నవ్వులు ఆగిపోయాయి. అధికారి నోటుపుస్తకం మూశాడు.

"కథ బాగుంది మాస్టారూ," అన్నాడు ఆఖరికి. "కానీ ఇది విన్నాక మిమ్మల్ని హెడ్మాస్టరుగా ఉంచడానికి వీల్లేదు. తెలుసా?"

"తెల్సు సార్."

"తెలిసీ ఎందుకు వచ్చారు?"

"పిల్ల పంతొమ్మిదో తేదీనే వచ్చింది సార్. నేనే పొమ్మన్నా."

అధికారి తెల్లకాగితాలు ముందుకు తోశాడు. అదే రాసివ్వమంటే అయివారు రాసిచ్చాడు. సిరా మరకలు పడి మూడు కాగితాలు పాడయ్యాయి. నాలుగోది పనికొచ్చింది. నోటుపుస్తకం ఫైలులో పెట్టేసుకున్నారు. నన్ను డాక్టరు దగ్గరికి పంపితే, ఆయన నా పళ్లు చూసి, మణికట్టు చూసి, పదిహేను దాటినట్టే అని రాసిచ్చాడు. ఆ కాగితాలన్నీ నా దరఖాస్తుతో కడపకు పంపారు.

వారంలో అయివారికి ఆర్డరు వచ్చింది. హెడ్మాస్టరు పని తీసేసి, కోయిలకుంట్ల అవతల ఒక పల్లెకు మామూలు అయివారుగా వేశారు. రెండెడ్ల బండిలో సామాను సర్దుకుని, భార్యతో పొద్దున్నే పోయాడు. ఊళ్లో కొందరు బండి దాకా వచ్చారు. నేను పోలేదు. తలుపు సందులోంచి చూశాను. ఏ మొహం పెట్టుకుని పోను? రెండు రోజులుగా ఊరంతా ఒకటే మాట, ఆ పిల్ల కోసం కొంప కూల్చుకున్నాడని.

ఆయన పోయిన మూడు రోజులకు నా సీటు కార్డు వచ్చింది.

ఆయనకు ఉత్తరం రాయాలని ఆ రోజే అనుకున్నాను. రాస్తే ఏమని రాయాలి? మీ హెడ్మాస్టరు పని ఊడింది, నాకు సీటు వచ్చింది అనా? ట్రైనింగులో చేరాక రాద్దామనుకున్నాను. చేరాక, పాసయ్యాక రాద్దామనుకున్నాను. పాసయ్యాక, ఉద్యోగం వచ్చాక చీర తీసుకుని వాళ్లింటికే పోదామనుకున్నాను. ఉద్యోగమూ వచ్చింది. ఆయన కోపంగా ఉంటాడేమో, నన్ను చూస్తే పాతది గుర్తొచ్చి బాధపడతాడేమో, అని ఏదో ఒకటి అడ్డం పెట్టుకున్నాను. ఊరివాళ్లు ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. భయస్తుడని ఆయన్ను చూసి నవ్వినదాన్ని నేను.

మద్దిలేటి చెప్పిన మర్నాడు సెలవు పెట్టి, జమ్మలమడుగు మీదుగా కోయిలకుంట్ల బస్సెక్కాను. అక్కడినుంచి ఆ పల్లెకు జట్కా దొరికింది. చిన్న మట్టిమిద్దె. ఆయన భార్య అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లకు శుక్లాలు వచ్చాయి, మనిషిని ఆనవాలు పట్టడం లేదు. మీ పాత ఊరినుంచి వచ్చానమ్మా, అయివారి దగ్గర చదువుకున్నాను అని చెప్పాను. ఆమె సంతోషపడింది. కూర్చోమంది. లోపలికి తడుముకుంటూ పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ఆయన చివరి రోజుల గురించి చెప్పింది. జ్వరం వచ్చిందట, వారం కూడా పడుకోలేదట. ఈ బడిలో పిల్లలు ఆయనంటే ప్రాణం పెట్టేవాళ్లట. తర్వాత తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది:

"ఒకటే దిగులుతో పోయినాడమ్మా మనిషి. మీ ఊళ్లో ఒక పిల్ల ఉండె. ఆ పిల్ల సీటు కోసమే ఈడికొచ్చిపడినాము. వచ్చిందో రాలేదో తెలీలేదు. ఒక కార్డు రాసి కనుక్కోరాదా అని నేను ఎన్నిసార్లు పోరినానో. 'రాలేదని జవాబొస్తే నేను తట్టుకోలేనే' అనేటోడు. జూన్ వస్తే సాలు, కోయిలకుంట్ల బస్టాండుకు పోయి కూర్చునేటోడు. ట్రంకుపెట్టెలు పట్టుకొని చదువులకు పోయే ఆడపిల్లలందరి మొగాలూ సూసొచ్చేటోడు."

మజ్జిగ గ్లాసు అరుగు మీద పెట్టేశాను.

"నువ్వు ఆ ఊరే అంటాండావు గదమ్మా," అంది ఆమె, మసక కళ్లు నావైపు తిప్పి. "నీకేమన్నా తెల్సునా? ఆ పిల్లకు సీటు వచ్చిందా?"

"వచ్చిందమ్మా," అన్నాను. "నేనే ఆ పిల్లను. సీటు వచ్చింది. ఉద్యోగం కూడా వచ్చింది."

ఆమె చెయ్యి చాపి నా మోచెయ్యి పట్టుకుంది. మెల్లగా కిందికి తడుముతూ పోయి, నా చేతి గడియారం మీద ఆపింది.

"ఎన్నేండ్లయింది తల్లీ, ఉద్యోగమొచ్చి?"

"రెండేండ్లమ్మా."

"రెండేండ్లా," అంది ఆమె.